కిటికీకి కట్టిన తెల్లగుడ్డలు

పిన్ని ఆసుపత్రి లాండ్రీలో చేరిన కొత్తలో అక్కడ ఉన్నవి అరవై మంచాలు. అప్పటికి ఆమె ఎవరికీ పిన్ని కాదు, పందొమ్మిదేళ్ళ పిల్ల. ఆ పిలుపు తరవాతెప్పుడో నర్సులు తగిలించారు. అదే ఖాయమైపోయింది. అసలు పేరు పింఛను కాగితాల్లో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

ఆ రోజుల్లో లాండ్రీ అంటే ఆసుపత్రి వెనక ఒక పొడుగాటి గది. నాలుగు రాతి తొట్లు, దుప్పట్లు ఉడకబెట్టడానికి రెండు గంగాళాలు, పిండటానికి ఇద్దరు మనుషులు. వాళ్ళందరి మీద ఒక పెద్దామె. నీళ్ళలో నాని నాని ఆవిడ చేతులు ముఖం కన్నా పదేళ్ళు ముసలివైపోయాయి. చేరిన రోజునే పిన్నికి ఆవిడ చెప్పిన పాఠం ఒక్కటే.

"రక్తానికి చన్నీళ్ళు, జిడ్డుకి వేణ్ణీళ్ళు. తారుమారు చేశావంటే ఆ మరక దుప్పటి చిరిగేదాకా పోదు. గుర్తుందా?"

గుర్తుంది. ముప్పై ఎనిమిదేళ్ళు గుర్తుంది.

ఉతికినవన్నీ మేడ మీదికి మోసుకెళ్ళి పన్నెండు వరసల తాళ్ళ మీద ఆరేసేవాళ్ళు. గాలికి అన్నీ ఒక్కసారి పొంగితే మేడ మొత్తం ఎక్కడికో బయల్దేరినట్టుండేది. ఎండిన దుప్పటి మడతపెట్టే ముందు పిన్ని అందులో ముఖం దాచుకుని వాసన చూసేది. అది సబ్బు వాసన కాదు, ఎండ వాసన. పెద్దామె చూసి, "దుప్పటి రోగికే పిల్లా, నీకు కాదు," అని కసిరేది. కసిరి, తను కూడా ఎవరూ చూడనప్పుడు ఆ పనే చేసేది.

వానాకాలం వస్తే మాత్రం ప్రాణం మీదికొచ్చేది. మూడేసి రోజులు ముసురు పడితే దుప్పట్లు ఆరేవి కావు. ఆపరేషన్ అయినవాళ్ళని చెమ్మ దుప్పట్ల మీదే పడుకోబెట్టేవాళ్ళు. అందుకే బాయిలరు వస్తోందని తెలిసినప్పుడు లాండ్రీలో అందరూ సంతోషించారు. పెరటి అవతల ఇటికలతో గది కట్టారు, దాని మీద ఎర్రటి చిమ్నీ లేపారు. అక్కణ్ణించి లాండ్రీకి, వంటింటికి, ఆపరేషన్ సామాన్లు ఉడకబెట్టే గదికి ఇనప గొట్టాలు వేశారు. బాయిలరుతో పాటే బాయిలరాయన వచ్చాడు.

ఇరవై ఆరేళ్ళవాడు, బక్కపలచన, కనుబొమల మీద ఎప్పుడూ బొగ్గు నుసి. మాట తక్కువ. దానికి తోడు ఎవరైనా సలహా చెప్పబోతే ముఖం తిప్పుకునేవాడు. "పొగ ఉన్నచోట పొగరు ఉండదా మరి," అని వంటింటివాళ్ళు నవ్వుకునేవాళ్ళు. లాండ్రీకి ఆవిరి కావాలంటే పెరడు దాటి వెళ్ళి చెప్పనక్కర్లేకుండా అతనే ఒక ఏర్పాటు చేశాడు. గొట్టం మీద పిన్ని మూడుసార్లు కొడితే ఆవిరి పంపాలి, రెండుసార్లు కొడితే చాలించాలి. ఆర్నెల్లు అలా గడిచాక ఒకనాటి పొద్దున అటునుంచి నాలుగు దెబ్బలు వినిపించాయి. నాలుగంటే ఏమిటో ఎవరికీ తెలియదు. ఏదైనా ప్రమాదమేమోనని పిన్ని చేతులైనా తుడుచుకోకుండా పరిగెత్తింది.

"ఏమైంది? నాలుగు కొట్టారేంటి?"

అతను రెండు గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "టీ చల్లారిపోతోంది. పిలుద్దామంటే గొంతు రాలేదు."

మరుసటి ఏడు వాళ్ళ పెళ్ళయింది. పెద్దామె మాత్రం చివరిదాకా, "గొట్టం కుదిర్చిన సంబంధం," అనేది.

వాళ్ళకి కూతురు ఏడో నెల్లోనే పుట్టింది. అరచేతిలో పట్టేంత పిల్ల. అప్పుడు ఆసుపత్రిలో నెలలు నిండని పిల్లల్ని వెచ్చగా ఉంచే గాజు పెట్టెలు లేవు. ఆవిరి గొట్టం పోయే ఒక చిన్న గదిని నర్సులు వెచ్చటి గదిగా చేసి, అలాంటి పిల్లల్ని అందులో ఉంచేవాళ్ళు. ఆ గది చల్లబడకూడదు, మరీ వేడెక్కకూడదు. పదకొండు రోజులు అతను బాయిలరు దగ్గర్నుంచి కదల్లేదు. ఇంటికి రమ్మంటే రాలేదు, పిల్లని చూడమన్నా చూడలేదు. "నేను చూడాల్సింది అక్కడ కాదు, ఇక్కడ," అని బాయిలరుకున్న గాజు గొట్టంలో నీటి మట్టం మీద వేలు పెట్టి చూపించాడట. పన్నెండో రోజు పిల్ల గట్టిగా ఏడ్చిందని తెలిశాక పార గోడకి ఆనించి, అక్కడే బొగ్గు కుప్ప మీద కూలబడి తనూ ఏడ్చాడు. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. పిన్ని కిటికీలోంచి చూసింది.

ఆ తరవాత ఊరు పెరగడం మొదలైంది. రైలు పట్టాల వెంబడి మిల్లులు లేచాయి, వాటిని ఆనుకుని గోదాములు, గోదాముల చుట్టూ ఇళ్ళు వచ్చాయి. ఊళ్ళోకి డబ్బొచ్చింది. "డబ్బొస్తే ముందు రోడ్డొస్తుంది, దాని మీద రోగమొస్తుంది, ఆ వెనకాల ఆసుపత్రొస్తుంది," అనేవాడు బాయిలరాయన. అన్నట్టే ఆసుపత్రి పెరిగింది. అరవై మంచాలు నూట యాభై అయ్యాయి, తరవాత నాలుగు వందలు. గుండెకి వేరే వార్డు, పిల్లలకి వేరే వార్డు, పిల్లల వార్డులో వరసగా గాజు పెట్టెలు. ఇదివరకు బతకరనుకున్నవాళ్ళు లేచి నడిచి వెళ్ళేవాళ్ళు. అది అబద్ధం కాదు. మూటల్లో వచ్చే బట్టల్ని బట్టే పిన్నికి ఆ తేడా తెలిసేది. చనిపోయినవారి దుప్పట్లు విడిగా కట్టి పంపేవాళ్ళు. నాలుగు వందల మంచాలున్నా ఆ మూటలు పాతవాటికన్నా పెద్దగా పెరగలేదు.

లాండ్రీ మాత్రం గుర్తు పట్టలేనంతగా మారింది. రాతి తొట్లు పోయి గిరగిరా తిరిగే పెద్ద పీపాలు వచ్చాయి. ఆరబెట్టడానికి ఆవిరి పీపాలు, ఇస్త్రీకి ఆవిరి రోలర్లు. మేడ మీద తాళ్ళు ఊడదీసి అక్కడ నీళ్ళ ట్యాంకులు పెట్టారు. పెరట్లో నాలుగు వరసలే మిగిలాయి. వారానికొక లారీ వచ్చే బొగ్గు, రోజుకొక లారీ అయింది. బాయిలరాయన కింద ఇప్పుడు ఐదుగురు. సూపరింటెండెంటు గారు ఎవరైనా పెద్దమనుషుల్ని వెంటబెట్టుకొస్తే మొదట చిమ్నీ కేసి చెయ్యెత్తి చూపేవారు. "ఆసుపత్రి ఎంత పెద్దదో దాన్ని చూస్తే తెలుస్తుంది," అనేవారు.

పిన్నికి ఇంకోటి తెలిసింది. పెరట్లో ఆరేసిన బట్టల మీద నల్లటి చుక్కలు. మొదట్లో ఆవగింజల్లా అక్కడక్కడ పడేవి. దులిపితే పోయేవి కావు, రుద్దితే చారలయ్యేవి. వాటిని మళ్ళీ ఉతకాలి. మళ్ళీ ఉతకాలంటే మళ్ళీ ఆవిరి, ఆవిరికి మళ్ళీ బొగ్గు. ఈ తిరగలి ఆమెకి ఏళ్ళ కిందటే అర్థమైంది. కానీ ఎవరితో అంటుంది? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. ఆ పొగ ఎవరిదో కాదు, మొగుడిది.

అలాంటప్పుడు పిల్లల వార్డుకి కొత్త డాక్టరమ్మ వచ్చింది. చిన్న మనిషి, వేగంగా నడిచేది. ఒకరోజు చేతిలో ఒక చిన్న దుప్పటి పట్టుకుని నేరుగా లాండ్రీలోకి వచ్చేసింది.

"పిన్నీ, మా పిల్లలకి ఇలాంటివి పంపిస్తే ఎలా? ఈ మచ్చలేంటి?"

ముప్పై ఏళ్ళ పనిని వేలెత్తి చూపితే ఎవరికైనా పౌరుషం వస్తుంది. పిన్నికీ వచ్చింది. "నా ఉతుకులో లోపం లేదమ్మా. పడమటి గాలి తోలినప్పుడు పొగ నుసి పెరట్లో బట్టల మీద పడుతుంది. కావాలంటే ఇంకో రెండ్రోజులు చూడండి. గాలి మారితే ఒక్క చుక్క ఉండదు."

"ఏ పొగ?"

పిన్ని నాలిక్కరుచుకుంది. డాక్టరమ్మ తలుపులోంచి పైకి చూసింది. చిమ్నీ నోట్లోంచి నల్లటి చార పిల్లల వార్డు కిటికీల మీదుగా, దాని వెనకున్న వీధుల మీదికి వంగి పోతోంది.

"పోయిన వారం మూడు రోజులు వరసగా ఆయాసంతో పిల్లలొచ్చారు. అందరూ ఆ వెనక వీధులవాళ్ళే," అంది ఆవిడ, తనలో తను అనుకుంటున్నట్టు. "కానీ ఊరికే అనుకుంటే సరిపోదు. చూపించగలగాలి."

ఆ పూట ఇంటికెళ్ళి పిన్ని ఏమీ మాట్లాడలేదు. అన్నం వడ్డిస్తుంటే బాయిలరాయన, "ఒంట్లో బాలేదా?" అని అడిగాడు. బాగానే ఉందంది. మర్నాడు పొద్దున పనికిరాని ఒక పాత దుప్పటి తీసి, జేబురుమాలంత ముక్కలుగా కత్తిరించింది. ఒక ముక్కని పిల్లల వార్డు కిటికీ చువ్వకి బయటివైపు కట్టింది. మర్నాడు అదే వేళకి విప్పి, తారీఖు కాగితం గుండుసూదితో గుచ్చి, ఇంకో ముక్క కట్టింది. ఇది చెయ్యమని ఆమెకి ఎవరూ చెప్పలేదు. వారం రోజులయ్యాక ఆ ముక్కలు పట్టుకెళ్ళి డాక్టరమ్మ బల్ల మీద పరిచింది. డాక్టరమ్మ చాలాసేపు చూసింది. తరవాత కుర్చీ జరిపి, "కూర్చో పిన్నీ," అంది. ఆ ఆసుపత్రిలో డాక్టరు ముందు పిన్ని కూర్చోవడం అదే మొదటిసారి.

రెండు నెలలు కట్టింది. అరవై ముక్కలు. కొన్ని మల్లెపువ్వులా తెల్లగా, కొన్ని కాటుక గుడ్డల్లా నల్లగా. ప్రతి ముక్క పక్కన, ఆ రోజు ఆయాసంతో వచ్చిన పిల్లలెంతమందో డాక్టరమ్మ రాసేది. నల్లటి ముక్కల పక్కన పెద్ద అంకెలు, తెల్లటి ముక్కల పక్కన చిన్న అంకెలు. అన్నీ అలా కుదరలేదు, తప్పినవీ ఉన్నాయి. "రోడ్డు మీద లారీలున్నాయి, మిల్లులున్నాయి. అంతా మన చిమ్నీదే అనలేం," అని డాక్టరమ్మే చెప్పింది. "కానీ మన వంతు మనకుంది."

బాయిలరాయనకి సంగతి ఎలా తెలిసిందంటే, వార్డు నర్సు ఒకామె నవ్వుతూ అంది, "మీ ఆవిడ మీ పొగకి ఫొటోలు తీస్తోంది బాబాయ్," అని. అతను ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే నిలబడ్డాడు.

"నిజమేనా?"

"నిజమే."

"ఊళ్ళోవాళ్ళు అంటే అన్నారు. నువ్వా? నా నోట్లో మట్టి కొట్టడానికి ఇంట్లో మనిషే దొరికిందా వాళ్ళకి?"

"మీ మీద కాదండీ..."

"మరి ఎవరి మీద? ఆ ఆవిరే లేకపోతే ఇవాళ మన పిల్ల ఉండేదా? చెప్పు! ఆ గదిని పదకొండు రోజులు వెచ్చగా ఉంచింది ఎవరు?"

పిన్ని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ మాట తడబడలేదు. "దాన్ని బతికించింది మీ వేడండీ. పొగ కాదు. ఇప్పుడు ఆ వార్డులో ఉన్నవాళ్ళు కూడా ఎవరో కన్న పిల్లలే కదా."

అతను మూడు రోజులు మాట్లాడలేదు. లాండ్రీ నుంచి మూడు దెబ్బలు కొడితే ఆవిరి వచ్చేది. అంతకు మించి గొట్టంలో ఉలుకూ పలుకూ లేదు. ఆ మూడు రోజులూ అతను బాయిలరు పనివాళ్ళకి అప్పగించి, చేతిలో సుద్దముక్క పట్టుకుని ఆసుపత్రంతా తిరిగాడని తరవాత తెలిసింది. వంటింటి వెనక, నేలమాళిగలో, ఆపరేషన్ గది పైకప్పులో, గొట్టాలు ఎక్కడెక్కడ పోతున్నాయో అక్కడంతా.

నాలుగో రోజు సూపరింటెండెంటు గారి గదిలో సమావేశం. డాక్టరమ్మ అరవై గుడ్డముక్కల్నీ బల్ల మీద వరసగా పేర్చింది. పిన్ని గోడ పక్కన నిలబడింది. పిలవకపోయినా బాయిలరాయన కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. సూపరింటెండెంటు గారు చెడ్డమనిషి కాదు. ఆ ముక్కల్ని చూసి ఆయన ముఖం వాడిపోయింది.

"అయితే ఏం చెయ్యమంటారు? మంచాలు తగ్గించనా? సామాన్లు ఉడకబెట్టడం ఆపనా? ఊరు పెరుగుతోంది, రోగులు పెరుగుతున్నారు. వైద్యం చెయ్యాలంటే నిప్పు మండాలి. పోనీ, చిమ్నీ ఇంకో ముప్పై అడుగులు లేపుదాం."

"లేపితే పొగ పోదండీ." తలుపు దగ్గర్నుంచి వచ్చింది ఆ గొంతు. అందరూ వెనక్కి తిరిగారు. "ఇంకో వీధివాళ్ళ పిల్లల మీద పడుతుంది, అంతే. అయ్యా, మీరు కోప్పడనంటే ఒకసారి నాతో రండి."

అతను వాళ్ళందర్నీ లాండ్రీ వెనక కాలువ దగ్గరికి తీసుకెళ్ళాడు. కాలువలోంచి పొగలు కక్కుతూ నీళ్ళు పోతున్నాయి. "ఇది మురుగు కాదు సార్. ఆవిరి పని చేసి చల్లబడ్డాక మిగిలిన మంచినీళ్ళు. చెయ్యి పెడితే బొబ్బలెక్కుతుంది. ఈ వేణ్ణీళ్ళని పారబోసి, బాయిలరుకి చన్నీళ్ళు పోసి, వాటిని మళ్ళీ కాచడానికి బొగ్గు తగలేస్తున్నాం. వీటిని వెనక్కి తెచ్చే గొట్టం వెయ్యమని ఇరవై ఏళ్ళ కిందట అడిగాను. కొత్త వార్డు అయ్యాక చూద్దామన్నారు. ఆ వార్డు అయ్యాక ఇంకో వార్డు వచ్చింది." తరవాత నేలమాళిగలోకి దింపి, సుద్దతో గుర్తు పెట్టిన చోట్లు చూపించాడు. ఆవిరి కారే కీళ్ళు అరవై మూడు. చొక్కా లేని గొట్టాలు, అంటే వేడి పోకుండా పైన ఏ చుట్టూ లేనివి, ఆసుపత్రి పొడుగునా ఉన్నాయి. "మనం కాల్చే బొగ్గులో మూడో వంతు రోగుల కోసం కాదు సార్. ఎలకలకి చలి వెయ్యకుండా."

సూపరింటెండెంటు గారు నవ్వలేదు. "ఇన్నాళ్ళూ గట్టిగా ఎందుకు చెప్పలేదయ్యా?" అన్నారు.

"మొదట చెప్పాను. తరవాత... చిమ్నీని చూసి మీరంతా గర్వపడుతుంటే నాకూ గర్వంగానే ఉండేది సార్."

ఆ మాట విన్నప్పుడు పిన్నికి మొగుడి మీద కలిగినంత ప్రేమ పెళ్ళినాడు కూడా కలగలేదు.

పనులు ఏడాది పట్టాయి. వేణ్ణీళ్ళ గొట్టం పడింది, కీళ్ళు బిగించారు, గొట్టాలకి చొక్కాలు తొడిగారు. పిన్ని తన వైపు నుంచి ఒకటే అడిగింది. మేడ మీద తాళ్ళు మళ్ళీ కట్టమంది, ఆరు వరసలైనా చాలంది. ఎండ ఉన్న రోజుల్లో సగం దుప్పట్లు అక్కడే ఆరాయి. రోజూ వచ్చే బొగ్గు లారీ, రెండ్రోజులకొకటి అయింది. డాక్టరమ్మ పుస్తకంలో అంకెలు తగ్గాయి. సున్నా కాలేదు, ఊరు ఊరే కదా. కానీ చలికాలంలో ఒక మంచం మీద ఇద్దరు పిల్లల్ని పడుకోబెట్టే అవసరం ఆ ఏడు రాలేదు. డాక్టరమ్మ తరవాత వేరే ఊరి ఆసుపత్రికి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు ఒక గుడ్డముక్క అడిగి తీసుకుంది, బాగా నల్లగా ఉన్నదాన్ని.

పిన్ని, బాయిలరాయన కొద్ది నెలల తేడాతో ఉద్యోగాలు చాలించుకున్నారు. ఆ తరవాత ఏడంతస్తుల కొత్త భవనం లేచింది. ప్రతి గదిలో చల్లటి గాలి, ప్రతి అంతస్తులో పేర్లు తెలియని యంత్రాలు. బాయిలరు ఆపేసి చిమ్నీని కూల్చేశారు. అంతా కరెంటే. ఊరివాళ్ళు, "మన ఆసుపత్రికిప్పుడు పొగే లేదు," అని చెప్పుకున్నారు. బాయిలరాయన ఆ మాట విన్నప్పుడల్లా తల అడ్డంగా ఊపేవాడు.

"లేకేం? అత్తారింటికి పంపారు, అంతే. కరెంటు ఆకాశంలోంచి ఊడిపడుతుందా?"

ఒక ఆదివారం ఇద్దరూ బస్సెక్కి, రెండు గంటలు ప్రయాణం చేసి నది దిగువన ఉన్న కరెంటు కర్మాగారం చూడటానికి వెళ్ళారు. మిగతా మొగుడూ పెళ్ళాలు తోటలకి వెళ్తారు, మీరేమో అక్కడికా అని కూతురు ఫోనులో నవ్వింది. గేటు బయట నిలబడి చూస్తే చిమ్నీలు మబ్బుల్లో దూరి ఉన్నాయి. రైలుబండి నిండా బొగ్గు లోపలికి పోతోంది, దానికి అంతు కనపడలేదు. బాయిలరాయన మెడ వెనక్కి వాల్చి, నోరు తెరుచుకుని చూశాడు. ఆ ముఖంలో బాధ ఎంతో, మోజు కూడా అంతే ఉందని పిన్ని కనిపెట్టింది. అంత పెద్ద బాయిలరుని ఒక్కసారి తన చేతికిస్తే బావుండునని ఉందతనికి.

తిరుగు బస్సు ఆలస్యమైంది. ఆగే చోట సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. కాసేపటికి అతను ఉన్నట్టుండి అన్నాడు:

"చిమ్నీ పడగొట్టిన రోజు నేను వెళ్ళాను. నీకు చెప్పలేదు."

"తెలుసు. బజారుకెళ్ళి ఖాళీ సంచీతో వచ్చారుగా."

"కూల్చాల్సిందే. నేనైనా అదే చెప్పేవాణ్ణి." దూరంగా కనిపిస్తున్న చిమ్నీల కేసి తిరిగాడు. "అయినా ఇటికలు కింద పడుతుంటే చూడలేకపోయానే."

పొద్దు వాలింది. బస్సు వచ్చేటప్పటికి ఇంకో అరగంట పట్టింది. అంతసేపూ అతను తమ ఆసుపత్రికి రాకముందు ఏ ఊళ్ళో ఎలాంటి బాయిలరు మీద పని నేర్చుకున్నాడో, మొదటిసారి నిప్పు ఎలా రాజేశాడో చెప్తూనే ఉన్నాడు. ముప్పై ఏళ్ళ పైచిలుకు కాపురంలో ఆ కబుర్లు ఆమె ఎన్నడూ వినలేదు. బస్సులో కిటికీ పక్క సీటు అతనికి వదిలి, మిగతావి కూడా చెప్పమని అడిగింది.